తండ్రి జాగాలో మేస్త్రి

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ వినని క్రైస్తవ కుటుంబం పాలమూరులో ఉండదు. సండే స్కూల్లో చెప్తారు, మే నెల సెలవుల్లో వీబీఎస్‌ అనే బైబిలు బడిలో నాటిక వేయిస్తారు, ఉజ్జీవ కూటాల్లో ఏడిపిస్తారు. అయినా అందులో ఒక చిన్న సంగతి దగ్గర ప్రసంగాలు పెద్దగా ఆగవు. పందుల దొడ్లో ఆకలితో కూర్చున్న కొడుకు, ఇంటికి పోయి తండ్రితో ఏం చెప్పాలో ముందే మనసులో అనుకుంటాడు. పాపం చేశాను, నీ కొడుకునని చెప్పుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. ఇవీ మూడు మాటలు. తీరా తండ్రి ఎదురు ఉరికి వచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాక మొదటి రెండే నోట్లోంచి వస్తాయి. మూడోదానికి తండ్రి సందివ్వడు. మంచి బట్టలు తెండి, వేలికి ఉంగరం పెట్టండి, కాళ్లకు చెప్పులు తొడగండి అని పనివాళ్లకు పురమాయించేస్తాడు. కూలి బేరం మొదలు కాకముందే ముగిసిపోయింది.

పెద్ద కొడుకుదీ అదే లెక్క. పొలం నుంచి వచ్చి, పాటలు వినబడుతుంటే లోపలికి రానని బయటే నిలబడతాడు. ఇన్నేళ్లుగా నీకు చాకిరీ చేస్తున్నా, నా స్నేహితులతో సంబరపడడానికి ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని తండ్రిని నిలదీస్తాడు. చిన్నవాడు కూలికి ఒప్పుకోవాలనుకున్నాడు, పెద్దవాడు బాకీ పడిన కూలి అడుగుతున్నాడు. ఇద్దరికీ తండ్రి పని చేయించుకునే మనిషిలాగే కనిపించాడు. ఆయన మాత్రం ఇద్దరి కోసమూ గడప దాటి బయటికి వచ్చాడు.

కూలి లెక్క బాగా తెలిసిన నేల ఇది. నారాయణపేట, మక్తల్, కోస్గి, అచ్చంపేట, దేవరకొండ వైపు ఊళ్లలో గుంపు మేస్త్రి అంటే ఎవరో చెప్పక్కర్లేదు. వానలు ముఖం చాటేసినప్పుడు, బోరు ఎండినప్పుడు, ఆడపిల్ల పెళ్లి దగ్గరపడ్డప్పుడు ముందు పైసలు ఇచ్చేది అతనే. ఆ పైసలకు ముంబైలోనో పుణేలోనో హైదరాబాద్ శివార్లలోనో ఇంటిల్లిపాదీ పనిచేయాలి. పనికి వచ్చిన రోజు రాసుకుంటాడు, రాని రోజు కోసుకుంటాడు. మేస్త్రులంతా చెడ్డవాళ్లేం కాదు. చాలామంది నిన్నమొన్నటిదాకా పార పట్టినవాళ్లే, సైటులో ఎవరికైనా దెబ్బ తగిలితే దవాఖానకు తీసుకుపోయేదీ వాళ్లే. కానీ ఆ సంబంధానికి పునాది పని. పని ఉన్నంతకాలమే మాట, పనిని బట్టే మర్యాద.

తరాల తరబడి దొర దగ్గరో మేస్త్రి దగ్గరో చేతులు కట్టుకుని నిలబడిన కుటుంబాలు, దేవుణ్ణి తండ్రి అని పిలుస్తూనే లోలోపల మేస్త్రిలా ఊహించుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రార్థన తప్పితే ఏదో జరుగుతుందన్న భయం, బండి మీంచి పడితే చర్చికి దశమభాగం ఇవ్వనందుకే అన్న అనుమానం, పిల్లవాడికి జ్వరమొస్తే ఏ పాపానికో శిక్ష అన్న గుబులు ఆ ఊహలోంచే పుడతాయి. అది అక్కడితో ఆగితే ఒక సంగతి. ఆగదు. దేవుడు ఎలా ఉంటాడనుకుంటారో ఇంట్లో తండ్రి కూడా అలాగే తయారవుతాడు. క్రైస్తవ పెంపకం గురించి ఈ ప్రాంతంలో మాట్లాడవలసిన మొదటి సంగతి ఇదే. పిల్లలకు బైబిలు ఎంత నేర్పుతున్నాం అన్నది దీని తర్వాతి మాట.

మేస్త్రి ఇంట్లోకి ఎలా వస్తాడో చూడాలంటే మార్కుల మెమో చాలు. అమ్మాయి పదో తరగతి మెమో తెచ్చి వంటింటి గడప దగ్గర నిలబడుతుంది. లెక్కల్లో 92. తండ్రి చెప్పులు విడుస్తూనే కాగితం అందుకుని పైనుంచి కిందికి చూసి, "మిగతా ఎనిమిది యాడ వోయినయి?" అంటాడు. నవ్వుతూనే అంటాడు, మనసులో పొంగిపోతూనే అంటాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ 92 గురించి నలుగురికి చెప్పుకుంటాడు కూడా. కానీ ఆ అమ్మాయి చెవిన పడింది ఎనిమిది ఒక్కటే. పొగిడితే పిల్లలు చెడిపోతారన్న నమ్మకం మన దగ్గర ఎంత గట్టిదంటే, తండ్రి సంతోషం ఊరంతటికీ తెలుస్తుంది, బిడ్డకు తప్ప.

సువార్తల్లో దీనికి సరిగ్గా ఎదురు నిలిచే సన్నివేశం యొర్దాను నది దగ్గరిది. యేసు బాప్తిస్మం పొంది నీళ్లలోంచి బయటికి వచ్చినప్పుడు ఆకాశం నుంచి వచ్చిన మాట, "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను." మత్తయి సువార్తలో ఇది మూడో అధ్యాయం చివర. అప్పటికి ఒక్క అద్భుతం జరగలేదు, ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క శిష్యుణ్ణి పిలవలేదు. అరణ్యంలో శోధన ఇంకా ముందుంది. తండ్రి ఆనందం పనికి ప్రతిఫలంగా రాలేదు, పనికి ముందే వచ్చింది. ఆ మాట విన్న తర్వాతే నలభై రోజుల ఆకలి, కొండమీది ప్రసంగం, సిలువ. బైబిల్లో దేవుని తండ్రితనం నుంచి పెంపకానికి ఒక్కటే తీసుకోవాల్సి వస్తే ఈ వరుసను తీసుకోవాలి. నువ్వు నా బిడ్డవన్నది ముందు, ఈ పని చెయ్యన్నది తర్వాత.

హోషేయ 11వ అధ్యాయంలో దేవుడు ఎఫ్రాయిముకు, అంటే ఇశ్రాయేలు ప్రజలకు, చెయ్యి పట్టుకుని నడక నేర్పినట్టు చెప్పుకుంటాడు. నడక నేర్పేవాళ్లెవరూ పడ్డ పిల్లవాణ్ణి తిట్టరు. 103వ కీర్తన ఇంకో అడుగు ముందుకు పోతుంది. తండ్రి కొడుకుల మీద జాలిపడినట్టు యెహోవా జాలిపడతాడని చెప్పి, దానికి కారణం కూడా ఇస్తుంది. మనం మట్టితో చేసినవాళ్లమని ఆయనకు గుర్తుంటుందట. పిల్లవాడి శక్తి ఎంతో, ఏ వయసులో ఏది చేతకాదో తెలిసి ఉండడం కూడా తండ్రితనంలో భాగమే అన్నమాట. ఎనిమిదేళ్లవాడు రెండు గంటల ఉపవాస ప్రార్థనలో కదలకుండా కూర్చోలేకపోతే అది భక్తి లేకపోవడం కాదు, ఎనిమిదేళ్లు ఉండడమే.

ఇంటర్ చదివే పిల్లల విషయంలో ఈ ఎరుక మరీ అవసరం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ టెన్షన్ విశ్వాసుల ఇళ్లలో లేదనుకోవడానికి లేదు. చచ్చిపోవాలని కోరుకున్న ప్రవక్త ఏలీయాతో దేవుడు ఎలా వ్యవహరించాడో మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఉంది. చెట్టు కింద పడుకుని ఇక చాలు ప్రభువా అన్న మనిషికి మొదట వచ్చింది రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నారు. నువ్విక్కడ ఏం చేస్తున్నావన్న ప్రశ్న చాలా తర్వాత, హోరేబు కొండ చేరాక వచ్చింది. పని అప్పగించడం ఆ తర్వాత. పరీక్ష పోయిన రోజు రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టడం, ఏం జరిగిందన్న మాట రెండు రోజులు ఆగి ఎత్తడం మెతకతనమేం కాదు. పిల్లల మాటల్లో చావు ప్రస్తావన వస్తే మాత్రం ప్రార్థనతో సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

బెత్తం సంగతి

ఇక్కడిదాకా వచ్చేసరికి సంఘ పెద్దల్లో ఒకరైనా సామెతలు 13:24 తీస్తారు. "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి." మరి దీన్నేం చేస్తారు అంటారు. న్యాయమైన ప్రశ్నే. దేవుని తండ్రితనంలో క్రమశిక్షణ లేదని చెప్పేవాళ్లు హెబ్రీ పత్రిక 12వ అధ్యాయాన్ని చదవనట్టే. ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడని అక్కడ ఉంది, శిక్ష ఆ సమయంలో దుఃఖకరంగానే ఉంటుందని కూడా ఉంది. అడ్డు చెప్పని తండ్రుల కథలు బైబిల్లో మంచిగా ముగియలేదు. యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు దేవుని గుడారం దగ్గరే అక్రమాలు చేస్తుంటే ఏలీ మాటలతో మందలించి వదిలేశాడు, ఆపలేదు. దావీదు రాజు గురించి మొదటి రాజులు 1:6లో ఉన్న మాట ఇంకా సూటిగా గుచ్చుకుంటుంది. నువ్వెందుకిలా చేస్తున్నావని అదోనీయాను తండ్రి ఒక్కసారైనా అడిగి నొప్పించలేదట. గొల్యాతును కొట్టినవాడు కొడుకుని అడగలేకపోయాడు.

ఇప్పటి ఇళ్లలో ఈ ఏలీతనం సెల్‌ఫోన్ రూపంలో ఉంది. పొలం నుంచో డ్యూటీ నుంచో అలసి వచ్చిన తండ్రికి పిల్లవాడు ఫోన్‌లో మునిగి ఉండడమే హాయి. గొడవ లేదు, అడిగేది లేదు. అలా మూడేళ్లు వదిలేసి, ఒక రోజు ఫోన్‌లో కనబడకూడనిది కనబడితే బెల్టు తీస్తాడు. అడ్డు చెప్పకపోవడం, అతిగా కొట్టడం రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో ఉంటాయి. రెండింటికీ మూలం రోజువారీ పట్టింపు లేకపోవడమే.

సామెతలు చెప్పిన బెత్తానికి, కోపం తీర్చుకునే బెల్టుకు పోలికే లేదు. అపొస్తలుడు పౌలు ఎఫెసీ పత్రికలో తండ్రులకు చెప్పిన ఒకే ఒక్క వాక్యంలో ముందు భాగం ఆంక్ష. "మీ పిల్లలకు కోపము రేపక" అన్న తర్వాతే శిక్ష, బోధ అన్న మాటలు. కొలొస్సయిలో కారణం కూడా ఇచ్చాడు, వాళ్ల మనసు కుంగిపోకుండా ఉండడానికి అని. ఇంటి యజమానికి కొడుకుల మీద అంతులేని అధికారం ఉన్న రోమా సామ్రాజ్యంలో రాసిన మాటలివి. అప్పుడు ఆ అధికారానికి హద్దు గీసిన వాక్యాన్ని, ఇప్పుడు కొట్టడానికి లైసెన్సులా వాడడం తలకిందుల వ్యవహారం. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. సండే స్కూల్ ఆ చట్టం కిందికి రాకపోవచ్చు, కానీ సర్కారు బడి టీచర్ చేయకూడని పని వాక్యం నేర్పే టీచర్ చేస్తే పిల్లలు దేన్ని గుర్తుపెట్టుకుంటారో వేరే చెప్పాలా?

దెబ్బల కన్నా ఎక్కువ నష్టం చేసే శిక్ష ఇంకోటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మాట బంద్ పెట్టడం. కొడుకు కాలేజీ ఎగ్గొట్టి సినిమాకు పోయాడని తెలిసి తండ్రి వారం రోజులు మాట్లాడడు. వాడు ఎదురుగా కూర్చుని ఉండగానే, "వాన్ని తినమను" అని భార్యతో చెప్పిస్తాడు. ఇంట్లో అందరికీ ఊపిరాడదు. నేను చెయ్యెత్తలేదు కదా అని తండ్రికి తృప్తి. దావీదు అబ్షాలోముకు చేసింది ఇదే. అన్నను చంపి పారిపోయిన కొడుకుని, సేనాధిపతి యోవాబు మాట విని యెరూషలేముకు రప్పించాడు గానీ తన ముఖం చూడనివ్వలేదు. రెండేళ్లు ఒకే ఊళ్లో ఉండి రాజు ముఖం చూడకుండా గడిపాడని రెండో సమూయేలు 14:28 చెప్తుంది. దానికంటే ముందు కూతురు తామారుకు అన్యాయం జరిగినప్పుడు దావీదుకు కోపం వచ్చింది గానీ ఏమీ చేయలేదు. చేయాల్సిన చోట చేయలేదు, క్షమించాక మనస్ఫూర్తిగా దగ్గరికి తీసుకోలేదు. తర్వాతి అధ్యాయంలోనే అబ్షాలోము తిరుగుబాటు మొదలైంది. చివరికి నా కుమారుడా అబ్షాలోమా అని దావీదు ఏడ్చిన ఏడుపు తెలిసిందే, వినాల్సినవాడు అప్పటికి లేడు.

లూకా 15లోని తండ్రి దగ్గర ఇలాంటి అరకొర క్షమ కనబడదు. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూశాడు, పరుగెత్తాడు, ఆ రోజే విందు పెట్టాడు. చిన్న కొడుకు పోగొట్టుకున్న ఆస్తి మాత్రం తిరిగి రాలేదు. నాదంతా నీదే అని తండ్రి పెద్దవాడితో అంటాడు. అంటే చేసిన తప్పు ఫలితం మిగిలింది, తప్పు తెచ్చిన దూరం మిగల్లేదు. పెంపకంలో పనికొచ్చే తేడా ఇది. బండి వేగంగా నడిపి పడేస్తే రిపేరు డబ్బు కొడుకు సెలవుల్లో పనిచేసి కట్టాలి, నెల రోజులు తాళం చెవి ఇవ్వకూడదు. ఆ నెలంతా పక్కన కూర్చుని అన్నం తినాలి, మామూలుగా మాట్లాడాలి. నెల అయ్యాక చెవి ఇచ్చేటప్పుడు పాత సంగతి ఎత్తకూడదు. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం.

దూరం నుంచి తండ్రి

నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల్లో పెంపకం గురించి ఏం రాసినా తండ్రి ఇంట్లో ఉన్నట్టు అనుకుని రాస్తే సగం ఇళ్లకు పనికిరాదు. వలస పోయిన ఇంట్లో పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. వలస పోని ఇంట్లో పిల్లలు అయిదో తరగతి నుంచి గురుకులంలో ఉంటారు. గురుకులాలు వేల కుటుంబాలకు చదువు తెచ్చిపెట్టాయి, అందులో సందేహం లేదు. కానీ నెలకోసారి కూర డబ్బా పట్టుకుని పోయి గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని తినిపించే రెండు గంటలే తల్లిదండ్రుల వాటాగా మిగిలింది.

రాత్రి ఎనిమిది దాటాక పుణేలో ఒక సైటు పక్కన రేకుల షెడ్డు నుంచి వీడియో కాల్ వస్తుంది. తండ్రి జుట్టులో సిమెంటు ఇంకా పోలేదు. ఇటు అవ్వ ఫోన్‌ను మనవడి ముఖానికి మరీ దగ్గరగా పట్టుకుంటుంది, అటు సగం నుదురే కనబడుతుంది. "అన్నం తిన్నవా బిడ్డా?" "తిన్న." "బడికి వోయినవా?" "వోయిన." "మంచిగ చదువుకో. అవ్వకియ్యి ఫోన్." ఇంతే, నిమిషం కూడా కాదు. ప్రేమ లేక కాదు, పన్నెండు గంటలు ఇటుకలు మోసిన మనిషికి ఇంకేం అడగాలో తోచక. కానీ ఆ రెండు ప్రశ్నలూ హాజరు పట్టీలోవే. మేస్త్రి తనను పొద్దున అడిగినవే రాత్రి కొడుకుని అడుగుతున్నాడు.

ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం దేవుని మాటల గురించి పిల్లలతో ఇంట్లో కూర్చున్నప్పుడు, తోవలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంటుంది. తోవలో కలిసి నడిచే అవకాశమే లేని తండ్రి ఏం చేయాలి? తన తోవ గురించి చెప్పవచ్చు. "ఇయ్యాల పదో అంతస్తు మీద పని వడ్డది, కిందికి సూస్తే కాళ్లు వణికినయ్, ప్రభువా అనుకున్న" అని తండ్రి చెప్పిన రోజు కొడుకు అవ్వకు ఫోన్ ఇవ్వడు. భయపడ్డానని తండ్రి ఒప్పుకుంటే బిడ్డ కూడా తన భయం చెప్తాడు. ఇంకో నిమిషం పట్టే పని, బిడ్డ పేరు పెట్టి ఫోన్‌లోనే ప్రార్థించడం. రేపటి లెక్కల పరీక్ష కోసం, నిన్న కొట్లాడిన దోస్తు కోసం. ఆ పేర్లు, ఆ సంగతులు తెలియాలంటే ముందు అడగాలి కాబట్టి ప్రార్థనే సంభాషణ నేర్పుతుంది.

పిల్లలు అడిగే ప్రశ్నలకు జాగా ఇవ్వడం కూడా ఇందులోదే. పస్కా పండుగ నియమం ఇస్తూ మీ పిల్లలు దీని అర్థమేమిటని అడిగినప్పుడు ఇలా చెప్పండి అని నిర్గమకాండం 12లో ఉంటుంది. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక రాళ్లు నిలబెట్టించింది కూడా రేపు పిల్లలు అడుగుతారనే. అంటే అడగడాన్ని దేవుడు లెక్కలోకి తీసుకున్నాడు. మన ఇళ్లలో కొన్ని ప్రశ్నలు అడిగితే పెద్దలు మాట తప్పిస్తారు. నా పేరు బడిలో ఒకటి, చర్చిలో ఒకటి ఎందుకు అన్నది అలాంటి ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీ కింద చూస్తారు. సమూయేలు అని బాప్తిస్మం తీసుకున్న పిల్లవాడు రిజిస్టరులో ఇంకో పేరుతో ఎందుకున్నాడో పన్నెండేళ్లు వచ్చేసరికి వాడికి ఎలాగూ తెలుస్తుంది. ఆ చరిత్ర, అందులోని అన్యాయం, ఇంట్లో తీసుకున్న నిర్ణయం, దాని మీద తమకున్న ఇబ్బంది తండ్రే దాచకుండా చెప్పడం మంచిది. అబద్ధమాడొద్దని కంఠత వాక్యం నేర్పిన ఇంట్లో ఈ ఒక్క విషయం మీద మౌనం ఉంటే పిల్లలు మౌనాన్నే నేర్చుకుంటారు.

దూరంగా ఉన్న తండ్రి కన్నా కష్టమైన సంగతి, దగ్గరే ఉండి భయపెట్టే తండ్రి. ఊరికి రెండు మూడు బెల్టు షాపులున్న చోట, రాత్రి తలుపు చప్పుడైతే మంచం కింద దూరే పిల్లలు ఆదివారం పొద్దున పరలోకమందున్న మా తండ్రీ అని పాడుతారు. వాళ్లకు ఆ మాటతో ఏ ముఖం గుర్తొస్తుందో సండే స్కూల్ టీచర్లు ఆలోచించాలి. దేవుడు మీ నాన్నలాంటివాడు అని అందరికీ ఒకేలా చెప్పేయడం ఆ పిల్లల పట్ల క్రూరత్వమే. బైబిల్లో చాలాచోట్ల తేడాను పట్టుకునే మాట సాగుతుంది. చెడ్డవాళ్లయిన మీరే పిల్లలకు రొట్టె అడిగితే రాయి ఇవ్వరు కదా, పరలోకపు తండ్రి ఇంకెంత అంటాడు యేసు. నా తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడంటుంది 27వ కీర్తన. తల్లి మరచినా నేను మరవనంటాడు దేవుడు యెషయా 49లో. తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞ చెప్పి దెబ్బలు ఓర్చుకోమనడం మాత్రం ఏ వచనంలోనూ లేదు.

నలుగురి పెంపకం

పౌలు శిష్యుడు తిమోతి తండ్రి గ్రీకువాడని అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయం చెప్తుంది, విశ్వాసి అని ఎక్కడా లేదు. తిమోతిలోని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాశాడు. పాలమూరు ఊళ్లలో మనవళ్లను సంకనేసుకుని బుధవారం ప్రార్థనకు వచ్చే అవ్వల వరుస అది. లుస్త్రలో అలా ఇద్దరాడవాళ్లు పెంచిన యువకుణ్ణి పౌలు వెంట తీసుకుపోయాడు. కొరింథు సంఘానికి రాస్తూ, "క్రీస్తునందు మీకు ఉపదేశకులు పదివేలమంది యున్నను తండ్రులు అనేకులు లేరు" అన్నాడు. యూట్యూబ్‌లో రోజుకో కొత్త ప్రసంగీకుడు కనబడే కాలంలో ఈ వాక్యానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఈ ప్రాంతపు సంఘాలకు ఇంకొకరి పిల్లల్ని పెంచడం కొత్త కాదు. రష్యా నుంచి వచ్చిన, మెన్నొనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల కేంద్రాలు నడిపింది. ఇప్పటి ఎంబీ చర్చిలు ఆ చెట్టు కొమ్మలే. 1976లో నల్లగొండ కేంద్రంగా కేథలిక్ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడింది. మిషన్ కాంపౌండ్ అంటే గుడి, బడి, దాని పక్కన బోర్డింగ్. ఊళ్లో బడి మెట్టు ఎక్కనివ్వని రోజుల్లో అక్కడ చదువుకున్న పిల్లలే తర్వాత టీచర్లు, నర్సులు, పాస్టర్లు అయ్యారు. దానితోపాటు ఒక అలవాటు కూడా వచ్చిందనిపిస్తుంది. పిల్లల భక్తి సంగతి పాస్టర్ అయ్యగారు చూసుకుంటారులే అన్న అలవాటు. బోర్డింగులు చాలావరకు పోయాయి, అలవాటు పోలేదు. నూరు కుటుంబాల సంఘంలో ఒక్క అయ్యగారు ఎంతమంది పిల్లలకు తండ్రిలా ఉండగలడు?

అందుకే ఒక్కో పెద్ద ఇద్దరు ముగ్గురు పిల్లల బాధ్యత తీసుకోవడం నడిచే పద్ధతి. వాళ్లకు పాఠం చెప్పడం అందులో చిన్న భాగం. పౌలు తిమోతికి పాఠాలే చెప్పలేదు, పని అప్పగించాడు, థెస్సలొనీకకు, కొరింథుకు తన బదులు పంపాడు, చిన్నవాడివని ఎవరూ తీసిపారేయనివ్వకు అన్నాడు, కడుపునొప్పి గురించి కూడా పట్టించుకుని రాశాడు. ఎలక్ట్రీషియన్ అయిన సంఘ పెద్ద డిగ్రీ మానేసిన కుర్రాణ్ణి రెండు నెలలు వెంట తిప్పుకుంటే, వైరింగుతో పాటు కస్టమర్‌కు అబద్ధపు బిల్లు వేయకపోవడం కూడా వాడు చూస్తాడు. మొదటి పనిలో చేతులెత్తేసినవాణ్ణి ఏం చేయాలన్న ప్రశ్న వస్తే, పౌలు, బర్నబాల వెంట సేవకు పోయిన మార్కు అనే యువకుడు ఉన్నాడు. మధ్యలో విడిచిపోయాడని పౌలు వద్దంటే, బర్నబా వాదులాడి మరీ వాణ్ణి తన వెంట తీసుకుపోయాడు. ఏళ్ల తర్వాత అదే పౌలు, మార్కును వెంటబెట్టుకురా, నాకు పనికొస్తాడు అని తిమోతికి రాశాడు.

సొంత కొడుకుల విషయంలో ఓడిపోయిన ఏలీ, హన్నా కొడుకు సమూయేలు విషయంలో ఒక మంచి పని చేశాడు. రాత్రి మూడుసార్లు పిలిచావా అని పిల్లవాడు వస్తే, పిలిచింది తాను కాదని గ్రహించి, ఈసారి పిలిస్తే యెహోవా, ఆలకిస్తున్నాను, మాట్లాడు అనమని చెప్పి పంపాడు. పొద్దున పిల్లవాడు తెచ్చిన కబురు తన ఇంటికే శిక్ష అని తెలిసినా దాచకుండా చెప్పించుకున్నాడు. పిల్లవాణ్ణి తన మాటకు కట్టేసుకోకపోవడం ఇందులోని గొప్ప. అయ్యగారిని అడగకుండా ఏ కాలేజీలో చేరాలో కూడా తేల్చుకోలేని యువకులు తయారవుతున్నారంటే అక్కడ తండ్రి లేడు, ఇంకో మేస్త్రి ఉన్నాడు. ఆత్మీయ తండ్రి అన్న బిరుదు చాటున జరిగే తప్పులకు కూడా దారి మూసి పెట్టాలి. పిల్లలతో మాట్లాడేది తలుపు తెరిచిన గదిలో ఉండాలి, అమ్మాయిలకు స్త్రీలే పెద్దలుగా ఉండాలి, ఏదైనా జరిగితే సంఘంలో సర్దుబాటు చేయకుండా పోలీసులకు చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. పిల్లల కోసం 1098 నంబరు ఎప్పుడూ పనిచేస్తుంది.

చివరగా ఆడపిల్లలు. కొడుకుల గురించి ఇంత చెప్పే ప్రసంగాలు కూతుళ్ల దగ్గరికి వచ్చేసరికి అణకువ, వస్త్రధారణ దగ్గర ఆగిపోతాయి. సంఖ్యాకాండం 27లో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురు మోషే ముందు నిలబడి మా తండ్రి భూమి మాకివ్వమని అడిగారు. మోషే దేవుణ్ణి అడిగితే వాళ్లు చెప్పింది న్యాయమే అన్నాడు. రిబ్కాను ఇస్సాకుకు అడిగినప్పుడు ఇంటివాళ్లు మాట ఇచ్చేశాక కూడా ఆమెను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు, ఆమె వెళ్తానంది. మన దగ్గర డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న అమ్మాయికి సంబంధం వస్తే ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు? 1961 నుంచి వరకట్నం చట్టవిరుద్ధం, అయినా విశ్వాసుల పెళ్లిళ్లలో అది కానుక పేరుతో నడుస్తూనే ఉంది. నీకు ఇష్టమేనా అని పాస్టర్ గారు అందరి ముందు అడిగేది పెళ్లి రోజు. అప్పటికి బండి కొని ఉంటారు, పైసలు చేతులు మారి ఉంటాయి, వంటలు మొదలై ఉంటాయి. నిశ్చితార్థానికి ముందే అమ్మాయితో ఆమె నమ్మే ఒక పెద్దామె విడిగా కూర్చుని మాట్లాడాలని, ఆమె వద్దంటే అక్కడితో ఆగాలని సంఘాలు ఒక నియమం పెట్టుకోవచ్చు. ఆ నియమానికి పెద్దల కమిటీలో మొదట అడ్డు చెప్పేది ఎవరో కూడా అందరికీ తెలుసు.